ఉత్తుత్తి కంప్యూటర్లో అసలు ఫ్లాపీ

అరండల్‌పేటలో నాకో చిన్న కంప్యూటర్ సెంటరు ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో పర్చూరు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. మిషన్ బడిలో పనిచేసినాయన. మిరపకోతల్లో ఆడవాళ్ళు పాడుకునే పాటలు ఏళ్ళ తరబడి చేలగట్ల వెంట తిరిగి రాసుకున్నారట. వాటిలో వాళ్ళమ్మ పాటలూ ఉన్నాయి. నోటుపుస్తకాలు చెదలు తినేశాయి. అంతకుముందే టైపు చేయించిన ఫ్లాపీ ఒక్కటే మిగిలింది.

అది తెరవాలంటే అప్పటి తెలుగు సాఫ్టువేరు కావాలి. టైపు చేసినాయన దగ్గర అదైతే దొరికింది. కానీ అది లేవాలంటే కంప్యూటర్ వెనక, ప్రింటరు వైరు పెట్టేచోట, ఒక చిన్న డబ్బా తగిలించాలి. లాక్ అనేవాళ్ళం. ఆ లాక్ పిడుగు పడి కాలిపోయింది. అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, అయిపు లేదు.

బుద్ధున్నవాడైతే నావల్ల కాదని పంపించేసేవాడు. నాకప్పుడు పొగరు. వారంలో చేసిస్తానన్నాను.

నేను పట్టుకున్న పద్ధతి ఇదీ. నా కంప్యూటర్లోనే ఇంకో ఉత్తుత్తి కంప్యూటరు, అంతా సాఫ్టువేరే. పాత ప్రోగ్రాం అందులో నడుస్తూ నిజం కంప్యూటర్లోనే ఉన్నాననుకుంటుంది. అది వేసే ప్రతి అడుగూ మనం చూడొచ్చు. ఆ ఉత్తుత్తిదాని కోడ్‌లో నాలుగు లైన్లు జొప్పించాను: ప్రోగ్రాం లాక్‌ని పలకరించినప్పుడల్లా ఏమడిగిందో, ఏ చోటు నుంచి అడిగిందో రాసిపెట్టమని. మూడు రోజులు ఆ జాబితాతో కుస్తీ పట్టాను. లాక్ జవాబుగా పంపే అంకెను సరిచూసే చోటు దొరికింది. ఏ జవాబొచ్చినా సరేననేలా మార్చేశాను. ప్రోగ్రాం కిక్కురుమనకుండా తెరుచుకుంది. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇప్పుడా ఆనందం తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆ ఊపులోనే ఫ్లాపీ పెట్టాను. కాపీ తీసుకోలేదు. ఉత్తుత్తి కంప్యూటర్లో ఏం జరిగినా ఉత్తుత్తిదే కదా అని ధీమా. దానికి ఇచ్చిన ఫ్లాపీ డ్రైవు మాత్రం అసలుదేనన్న సంగతి నా మట్టిబుర్రకు ఎక్కలేదు.

తెర నిండా ప్రశ్నార్థకాలు. లాక్ ఇచ్చే అంకె ప్రోగ్రాం తెరవడానికే కాదు, దాచిన అక్షరాలు విప్పడానికి కూడానని అప్పుడర్థమైంది. లాక్ లేక వచ్చిన తప్పుడు అంకెతోనే విప్పింది, పోల్చుకోలేని ప్రతి అక్షరాన్నీ ప్రశ్నార్థకం చేసింది, తనంతట తనే ఆ ఫ్లాపీ మీదే సేవ్ చేసేసింది. ఫ్లాపీ డ్రైవు లైటు వెలిగి ఆరింది. కొంప మునిగిందనుకున్నాను. మునిగింది నాది కాదు, ఆయనది.

మాస్టారు వచ్చాక దాచకుండా చెప్పాను. తిడితే బాగుండేది. ఆయన తిట్టలేదు. ఒక్క పాటైనా కనబడిందా అని మాత్రం అడిగారు. లేదన్నాను. గుర్తున్నంతవరకు చెప్పండి, ఇప్పుడే టైపు కొడతానండి అని బతిమాలాను. కుర్చీ దగ్గరికి లాక్కుని వాళ్ళమ్మ పాట ఒకటి అందుకున్నారు. రెండు పాదాలు చెప్పి ఆగారు. మళ్ళీ మొదటినుంచి చెప్పారు. మళ్ళీ అక్కడే ఆగారు.

"రాసిపెట్టుకున్నాగా బాబూ, ఇక మర్చిపోయినా ఫర్వాలేదనుకున్నా" అన్నారు.

ఆ రెండు పాదాలే ప్రింటు తీసి ఇచ్చాను. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.