మాస్టారు లేని కోరం

బస్సులో నిలబడి జనాన్ని లెక్కపెడుతూ ఉద్యోగమంతా గడిపిన మనిషి ఆవిడ. రిటైరైనా అందరికీ కండక్టరమ్మే. గొంతు విప్పితే వీధి చివరిదాకా వినిపిస్తుంది. మెల్లగా మాట్లాడవే అని కూతురు గసిరితే, "మెల్లగా మాట్లాడితే వెనక సీట్లోవాళ్ళు దిగరే" అంటుంది.

ఆవిడ కార్యదర్శిగా ఉన్న సంఘం పెద్దదేమీ కాదు. ఒక రేకుల షెడ్డు. అందులో చక్రాల కుర్చీలు, చేతికర్రలు, తలవైపు పైకి లేచే ఇనప మంచాలు. కాలు విరిగినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు, ఆపరేషనయి ఇంటికొచ్చినవాళ్ళు పట్టుకెళ్ళి, అవసరం తీరాక తెచ్చిచ్చేస్తారు. పైసా తీసుకోరు. షెడ్డు పురపాలక సంఘానిది. సేవ చేస్తున్నారని నామమాత్రపు అద్దెకిచ్చారు.

దీన్నంతా మొదలుపెట్టింది ఒక స్కూలు మాస్టారు. చివరిదాకా అధ్యక్షుడు ఆయనే. నిజానికి చివరి తర్వాత కూడా ఆయనే. చిక్కంతా అక్కడే వచ్చింది.

కార్యవర్గంలో ఏడుగురు. ఐదుగురు వస్తే గానీ కోరం కుదరదని, సమావేశం చెల్లదని నియమావళి చెబుతుంది. అందులో ఒకాయన వేరే ఊళ్ళో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇంకొకాయనకు మీటింగు అనగానే నడుం పట్టేస్తుంది. మాస్టారు గుండె ఆగి పోయాక మిగిలింది నలుగురు: కండక్టరమ్మ, కోశాధికారి మందుల షాపాయన, కుర్చీలు బాగుచేసే మెకానిక్కు, మాస్టారి భార్య. ఆవిణ్ణి అందరూ పెద్దక్క అంటారు.

ఆయన పోయాక జరిగిన మొదటి సమావేశంలో ఖాళీ కుర్చీ చూసి పెద్దక్క కంటతడి పెట్టింది. "ఎక్కడికి పోతాడక్కా, మాస్టారు ఇక్కడే ఉన్నాడు" అన్నాడు మందుల షాపాయన. ఓదార్పుకన్న మాటే. కానీ హాజరు రాసేటప్పుడు ఆయన పేరు వదిలేయడానికి కండక్టరమ్మకు చెయ్యి రాలేదు. రాసేసింది. ఐదో మనిషి కుదిరాడు. తర్వాత అదే అలవాటైపోయింది. ప్రతి సమావేశానికీ ఆయనకో కుర్చీ వేయడం, ఓ గ్లాసు టీ పెట్టడం, "అధ్యక్షులవారు హాజరు" అని రాయడం. టికెట్టు లేనివాణ్ణి ఒక్కణ్ణి కూడా వదలని మనిషి, లేని మనిషిని రెండేళ్ళపాటు లెక్కలో వేసింది. ఎవరికీ తప్పనిపించలేదు. అందరికీ ప్రేమే అనిపించింది.

లీజు గడువు ముగియవస్తోందని కండక్టరమ్మ సమావేశాల హాజరు, ఖర్చుల కాగితాలు పట్టుకుని పురపాలక కార్యాలయానికి వెళ్ళింది. సూపరింటెండెంటు కళ్ళజోడు సర్దుకుని చదివాడు.

"ఏమ్మా, మీ అధ్యక్షుడి మరణ ధ్రువపత్రం ఇచ్చింది ఈ ఆఫీసే. నిరుడు మీటింగుకొచ్చి ఆయన టీ కూడా తాగారా?"

"టీ మెకానిక్కు తాగాడండీ." నోరు జారాక గానీ ఏమందో ఆవిడకు తెలియలేదు.

సూపరింటెండెంటు నవ్వలేదు. "వచ్చే నెలాఖరులోగా చెల్లుబాటయ్యే కార్యవర్గం, అది చేసిన తీర్మానం తెండి. లేకపోతే షెడ్డు ఖాళీ చేయాలి. ఆ స్థలానికి గోడౌను వాళ్ళు కాచుక్కూర్చున్నారు."

ఆవిడ అటునుంచటే మందుల షాపుకు వెళ్ళింది. విషయం వినగానే కోశాధికారి చిటికె వేశాడు.

"దీనికింత కంగారా చెల్లెమ్మా! మాస్టారు పోకముందే రాజీనామా చేసినట్టు ఓ కాగితం, పెద్దక్కను అధ్యక్షురాలిగా, ఆవిడ చోట్లో ఇంకొకరిని సభ్యుడిగా ఎన్నుకున్నట్టు ఓ తీర్మానం. పాత తేదీలేసి నలుగురం గీకేస్తే సరి."

"మాస్టారి సంతకం ఎవరు పెడతారు?"

"నాకొచ్చులే. ఆయన రాసిన చీటీలు ఎన్ని చూశాను!"

"ఇన్నాళ్ళూ మనం చేసింది తెలివితక్కువ పని అన్నయ్యా. నువ్వు చెప్పేది దొంగ పని."

"సేవ చేసేవాళ్ళని జైల్లో పెడతారేంటి?"

"సేవ చేసేవాళ్ళకి వేరే చట్టం రాశారా ఏంటి?"

మన సంఘాల్లో చాలావాటికి ఉన్న జబ్బే ఇది. మంచి పని చేస్తున్నాం కదా, మమ్మల్ని అడిగేదేమిటి అంటారు. కానీ సంఘం ఆస్తి ఏ ఒక్కరి సొంతమూ కాదు. నలుగురి నమ్మకం మీద నలుగురి కోసం పెట్టుకున్నది. సొంతం కానిదాన్ని చూసుకునేవాడే ఎక్కువ జవాబు చెప్పాలి.

మర్నాడు కండక్టరమ్మ సంఘాల రిజిస్ట్రారు కార్యాలయంలో జరిగింది జరిగినట్టు రాసిచ్చింది. అక్కడ దారి చెప్పారు గానీ హామీ ఇవ్వలేదు. నలుగురే మిగిలిన కార్యవర్గం సర్వసభ్య సమావేశం పిలిచినా ఆ పిలుపు చెల్లదు. సభ్యుల్లో మూడోవంతు మంది మాకు సమావేశం కావాలని రాతపూర్వకంగా కోరాలి. ముందుగా అందరికీ నోటీసు అందాలి. కొత్తవాళ్ళను ఎన్నుకోవాలి. ఈ రెండేళ్ళలో తీసుకున్న నిర్ణయాలన్నీ మళ్ళీ సభ్యుల ముందు పెట్టాలి. ఆపైన ఆలస్య రుసుం.

ఆ సంతకాల కోసం ఆవిడ సభ్యుల ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి గుమ్మంలోనూ ఒకటే ప్రశ్న: "పెద్దక్క పెట్టిందా సంతకం?"

చివరికి పెద్దక్క ఇంటికే వెళ్ళింది. పెద్దక్క ఉతికిన బట్టలు మడత పెడుతోంది.

"ఆయన పేరు తీసెయ్యడానికొచ్చావు కదూ?"

"అవునక్కా."

"ఒకసారి పోయింది చాలదా? మళ్ళీ నీ చేత్తో చంపుతావా?"

ఎప్పుడూ ఎదుటివాడికి సందివ్వని కండక్టరమ్మ ఆవిడ పక్కన కూర్చుని ఓ బట్ట అందుకుని మడిచింది. తర్వాత అంది, "బతికున్నన్నాళ్ళూ మాస్టారు ఒక్క అబద్ధం రాయనిచ్చేవాడు కాదక్కా. పోయాక ఆయన చేత మనమే అబద్ధాలాడిస్తున్నాం. రాసింది నేను. తుడిచేది కూడా నేనే అవ్వాలి."

పెద్దక్క చేతిలో ఉన్న దుప్పటి మడత విప్పి మళ్ళీ మడిచింది. "నేను సంతకం పెట్టను. పెట్టొద్దని ఎవరికీ చెప్పను. ఇక వెళ్ళు."

కండక్టరమ్మ మళ్ళీ గుమ్మాలెక్కింది. "పెద్దక్క పెట్టలేదు. మిమ్మల్ని పెట్టొద్దనీ అనలేదు. షెడ్డు ఉండాలో పోవాలో మీరు చెప్పండి" అని ఉన్న మాట ఉన్నట్టు చెప్పింది. కొందరు మొహం మీదే తలుపేశారు. ఇంట్లో ఒకప్పుడు ఇనప మంచం వాడుకున్నవాళ్ళు మాత్రం మారుమాట లేకుండా సంతకం చేశారు. మూడోవంతు పైచిలుకే తేలారు.

సర్వసభ్య సమావేశం షెడ్డులోనే జరిగింది. కూర్చోవడానికి కుర్చీలు చాలక కొందరు చక్రాల కుర్చీల్లో కూర్చున్నారు. పెద్దక్క కూడా వచ్చి వెనక వరసలో కూర్చుంది. పాత నిర్ణయాలు ఒక్కొక్కటే చదివి చేతులెత్తించారు. కోశాధికారి సొంత షాపు నుంచి ఇనప మంచాలకు గాలిపరుపులు కొన్న విషయం వచ్చేసరికి కండక్టరమ్మ ఆగింది.

"అన్నయ్యా, ఇది మీ షాపు సంగతి. తేలేదాకా మీరు బయట నిలబడాలి."

మందుల షాపాయన మొహం జేవురించింది. "ఏం, దొంగనా నేను? అందరికంటే తక్కువకిచ్చాను!"

"ఆ మాట మేం తేలుస్తాం. మీరు తేల్చకూడదు."

ఆయన కదల్లేదు. సభ్యులు నేలచూపులు చూశారు. అప్పుడు వెనకనుంచి పెద్దక్క గొంతు వినిపించింది. "లే తమ్ముడూ. అక్కడ ఆయన కూర్చుని ఉంటే ఈపాటికి నీ చెయ్యి పట్టుకుని బయట దిగబెట్టేవాడు."

ఆయన సణుక్కుంటూ బయటికి నడిచాడు. పరుపుల ధర న్యాయంగానే ఉందని తేల్చి, ఇకముందు మరో రెండు షాపుల్లో ధర అడక్కుండా కొనకూడదని సభ్యులు తీర్మానించారు. అధ్యక్షురాలిగా పెద్దక్క పేరు ఎవరో చెబితే, "నా పేరొద్దు. అవసరంలో ఇక్కడికొచ్చిన మనిషిని పెట్టండి" అంది. ఈ షెడ్డులోంచి పట్టుకెళ్ళిన రెండు చేతికర్రల మీద నడవడం మళ్ళీ నేర్చుకున్న దర్జీ ఆవిణ్ణి ఎన్నుకున్నారు. కార్యవర్గంలో ఖాళీ అయిన మిగతా చోట్లకూ కొత్తవాళ్ళను తీసుకున్నారు.

కొత్త తీర్మానంతో అధ్యక్షురాలూ కార్యదర్శీ నెలాఖరుకు ముందే సూపరింటెండెంటు ఎదుట కూర్చున్నారు. ఆయన అన్నీ తిరగేసి చూసి పెదవి విరిచాడు.

"చేసిన తప్పు చిన్నది కాదు. అయిదేళ్ళ లీజు కుదరదు. ఏడాదికే ఇస్తున్నాం. మళ్ళీ ఇలాంటిది జరిగితే షెడ్డు పోయినట్టే."

దర్జీ ఆవిడ మొహం వాడిపోయింది. కండక్టరమ్మ మాత్రం కుర్చీ ముందుకు లాక్కుంది. "ఇవ్వండి. షరతులన్నీ గట్టిగా చదవండి, విని సంతకం పెడతాం. ఏడాది తర్వాత మళ్ళీ వస్తాం. ఈసారి బతికున్నవాళ్ళమే వస్తాం."