తెలుగు కోటాలో సీటు

ప్లస్ టూ రిజల్టు వచ్చే రోజు పొద్దున మా కోడలు పొయ్యి వెలిగించలేదు. రిజల్టు చూసేదాకా ఎవరికీ ఏమీ గొంతు దిగదట. ఆమెకు దిగకపోతే ఆమె మానుకోవాలి. నా కాఫీకీ మనవరాలి మార్కులకూ ఏమిటి సంబంధం? నేనే లేచి పాలు కాచుకుని, ఒక్క గ్లాసే కలుపుకుని, హాల్లో అందరి మధ్యా కూర్చుని తాగాను. కొడుకు ఆఫీసుకు సెలవు పెట్టి సెల్‌ఫోను రుద్దుతున్నాడు. కోడలు దేవుడి పటం ముందు నిలబడి కళ్ళు మాత్రం ఫోను మీదే పెట్టింది. మనవరాలు బాత్రూములో కొళాయి తిప్పి పెట్టి లోపల కూర్చుంది. ఏడుపు బయటికి వినపడకుండా తిప్పిందని నాకు తెలుసు. తెలిస్తే మాత్రం? ఎండాకాలంలో, నీళ్ళు ఒకరోజు వచ్చి ఒకరోజు రాని ఇంట్లో, ఎవరూరుకుంటారు? తలుపు బాదాను.

"ఈ పొద్దన్నా దాన్ని వదలండి అత్తా," అంది కోడలు.

"రిజల్టు వస్తే పోయిన నీళ్ళు తిరిగి వస్తాయా?" అన్నాను.

రిజల్టు వచ్చింది. పాసయింది. మంచి మార్కులే. మా చిన్నప్పుడు అన్ని మార్కులు వస్తే ఆ పిల్లను చూడ్డానికి వీధంతా వచ్చేది. ఇప్పుడు ఈ అరవ పట్నంలో బీకాం సీటుకు ఆ మార్కులు చాలవట. పిల్లకు ఆడిటరు కావాలని పదో క్లాసు నుంచీ పట్టు. పేరున్న కాలేజీలో బీకాం చదివితేనే ఆడిటరు ఆఫీసుల్లో చేర్చుకుంటారని, లేకపోతే ఊరి బయట బస్సులు పెట్టి పిల్లల్ని ఏరుకునే కాలేజీయే గతి అనీ తండ్రీ కూతురూ ఏడాదిగా చెప్పుకుంటున్నారు. ఆ బస్సు కాలేజీ ఫీజు మా వాడి జీతానికి అందేది కాదు. అందినా నేను కట్టనిచ్చేదాన్ని కాదు. చదువు చౌకగా రావాలి. రాకపోతే ఇంట్లో కూర్చోవాలి. ఈ మాట నేను దాని మొహం మీదే చెప్పాను. కోడలు నాతో రెండు పూటలు మాట్లాడలేదు. హాయిగా ఉండింది.

మూడో పూట నా కొడుక్కు ఆలోచన వచ్చింది. ఊళ్ళో తెలుగువాళ్ళు కట్టించిన ఆడపిల్లల కాలేజీ ఒకటుంది. అందులో సగం సీట్లు తెలుగు పిల్లలకే. వాళ్ళకు ఈ మార్కులు చాలు, ఫీజూ కొంచెమే. అయితే తెలుగువాళ్ళు కాకపోయినా తెలుగువాళ్ళమని చెప్పి సీటు కొట్టేసేవాళ్ళు ప్రతి ఏడాదీ బయలుదేరుతున్నారట. అందుకని కమిటీవాళ్ళు పిల్లనూ పెద్దవాళ్ళనూ ఎదురుగా కూర్చోబెట్టుకుని, తెలుగులో మాట్లాడించి చూస్తారట.

అది విని నేను నవ్వాను. చాలా రోజులకు నవ్వాను.

ఎందుకు నవ్వానో చెప్పాలి. ఈ పిల్ల ఎల్‌కేజీలో చేరినప్పుడు టీచరు పిలిపించి, బిడ్డ రెండు భాషలు కలిపేస్తోంది, ఇంట్లో ఒకే భాష మాట్లాడండి అంది. వీళ్ళు అరవాన్ని పట్టుకుని తెలుగును వదిలేశారు. మేము చింతాద్రిపేటలో ఎన్ని తరాలుగా ఉన్నామో నాకే తెలియదు. మగ్గాలు పోయాయి, పెంకుటిళ్ళు పోయాయి, ఇంట్లో తెలుగు మాత్రం పోలేదు. దాన్ని ఒక టీచరు మాటతో ఆపేశారు. "అమ్మా, పాపతో తెలుగులో మాట్లాడొద్దు, దాని భాష చెడిపోతాది," అన్నాడు నా కొడుకు. చెడిపోతుందట, నా నోటి వల్ల. నేను మానలేదు. నేను తెలుగులో అంటాను, అది అరవంలో బదులిస్తుంది. అట్లాగే పదిహేడేళ్ళది అయింది. అన్నీ అర్థమవుతాయి, ఒక్క మాట నోట రాదు.

"నీ కూతురు తెలుగు పిల్లని ఎట్ల చూపిస్తావురా? మొహం మీద రాసుండాదా?" అన్నాను.

"నేర్పిద్దాం లేమ్మా. ఇంకా టైముండాది."

"ఎవురు నేర్పేది?"

మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ తలెత్తి పైకప్పు వైపు చూశారు. నా వైపు చూస్తారనుకున్నాను. బెట్టు చేయడానికి తయారుగా కూడా ఉన్నాను. ఆ అవకాశం ఇవ్వలేదు.

పైన మా మేడమీద బాడుగకుండే ఆమె ఆంధ్ర నుంచి వచ్చింది. కంప్యూటరు ఉద్యోగం, ఇంట్లో కూర్చునే చేస్తుంది. మెట్ల దగ్గర కనపడినప్పుడల్లా "మామ్మగారూ, మీరు మాట్లాడే తెలుగు భలే తమాషాగా ఉంటుందండీ, ఇంకో మాట అనండి" అంటుంది. నేనేమన్నా చిలకనా? ఆమె దగ్గరికి పంపించారు నా మనవరాల్ని, మంచి తెలుగు నేర్చుకోవడానికి.

రోజూ సాయంత్రం పైకి పోయి వచ్చి, హాల్లో అటూ ఇటూ తిరుగుతూ వల్లించేది. "నమస్కారమండీ. మాది సంప్రదాయ తెలుగు కుటుంబమండీ. మాతృభాష మీద నాకు ఎనలేని మక్కువండీ. నా విద్యాభ్యాసం..." ప్రతి మాటకూ వెనక ఒక అండీ. నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నంతసేపు విన్నాను.

"మక్కువంటే ఏందే?" అని అడిగాను.

"తెరియాదు అవ్వా," అంది. తెలియదట.

"తెలీకుండానే ఎనలేనంత ఉండాదా?"

కోడలు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "అత్తా, మీకు కోటి దండాలు పెడతా, ఇంటర్వ్యూ అయ్యేదాకా దానితో మాట్లాడొద్దండి. ఈడ, ఆడ అని మీరు అంటా ఉంటే అదీ అనేస్తాది. నేర్చుకున్నదంతా చెడిపోతాది."

అప్పుడు నా తెలుగు వల్ల దాని అరవం చెడిపోయింది. ఇప్పుడు నా తెలుగు వల్ల దాని తెలుగు చెడిపోతుంది. నా నోట్లో ఉన్నది మాటా, మశూచా? ఆ రోజు చిక్కుడుకాయ కూరలో ఉప్పు వేయలేదు. మరిచిపోయి కాదు.

ఇంటర్వ్యూ నాడు నన్ను రమ్మని ఎవరూ అనలేదు. కొడుక్కు ఆఫీసులో సెలవు దొరకలేదు. తల్లీ కూతురూ బయలుదేరేసరికి నేను ఉతికిన చీర కట్టుకుని, చెప్పులేసుకుని, వాకిట్లో నిలబడ్డాను.

"మీరెందుకత్తా, ఎండ," అంది కోడలు.

"పెద్దవాళ్ళను పిలిచినారు గదా. ఈ ఇంట్లో నాకన్నా పెద్దది ఎవురు?"

ఆటో వద్దన్నాను. ఆడవాళ్ళకు టికెట్టు లేని బస్సు వచ్చేదాకా నిలబెట్టాను. పిల్ల చెమటకు పౌడరు కారిపోయిందని కోడలు బస్సంతా గొణిగింది.

కాలేజీ వరండా నిండా తల్లులు, పిల్లలు. ఒక్కో పిల్ల ఒక్కో స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకుని గొణుగుతోంది. దగ్గరికి పోయి విన్నాను. నమస్కారమండీ, సంప్రదాయ తెలుగు కుటుంబమండీ, ఎనలేని మక్కువండీ. అందరిదీ అదే పాఠం. ఎవరు రాశారో, ఫోన్లలో ఊరంతా తిరిగినట్టుంది. మా పైనింటామె కూడా దాన్నే తీసి నేర్పిందన్నమాట. కోడలికి చూపించి, "విన్నావా?" అన్నాను. ఆమె మొహం తిప్పుకుంది.

మమ్మల్ని లోపలికి పిలిచారు. బల్ల వెనక పంచె కట్టుకున్న ఒక ముసలాయన, ఆయన పక్కన లెక్చరరు ఒకామె. పిల్ల గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. ఒక్క తప్పు లేదు. కోడలు గర్వంగా నా వైపు చూసింది.

ముసలాయన అద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. "ఎవురు నేర్పిరి పాపా?"

"ఇంట్లో మాట్లాడతామండీ."

"ఇంట్లో మీయమ్మను ఏమని పిలుస్తావు?"

"అమ్మగారూ అంటానండీ."

లెక్చరరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముసలాయన నవ్వలేదు. "యే పేట మీది?"

"చింతాద్రిపేటండీ."

"నేను పుట్టింది రాయపురంలో. ఈ పట్నంలో తెలుగిండ్లన్నీ నాకు తెలుసు. కన్నతల్లిని అమ్మగారూ అనే పిల్లని చింతాద్రిపేటలో ఇంతదాకా చూళ్ళా." కోడలి వైపు తిరిగాడు. "ఏమ్మా, మీరు తెలుగువాళ్ళేనా?"

మా కోడలు తెలుగింట్లో పుట్టింది, తెలుగింట్లో మెట్టింది. అంత భయం ఎందుకు పట్టుకుందో, గబుక్కున లేచి నిలబడి, "ఆమా సార్, నిజమా సార్" అనేసింది. అవును సార్, నిజంగా సార్ అని, అచ్చంగా అరవంలో.

లెక్చరరు మా కాగితాలు తీసి పక్కనున్న దొంతి మీద పెట్టింది. ఆ దొంతి ఎవరిదో చెప్పనక్కర్లేదు. పిల్ల మొహం పాలిపోయింది. పదో క్లాసు నుంచీ పట్టుకున్నది చేతిలోంచి జారిపోతుంటే అది అట్లా చూస్తూ నిలబడింది. నాకు ఒళ్ళు మండింది. ముసలాయన మీద కాదు. ఇంట్లో ఉన్న మాటను దాచిపెట్టి, బయటి మాట తెచ్చి మొహానికి పూసిన ఈ మొగుడూ పెళ్ళాల మీద.

"ఆమె ఎవురు?" అన్నాడు ముసలాయన నన్ను చూపించి.

"మా అవ్వ," అంది పిల్ల. అండీ అనడం మరిచిపోయింది.

"అవ్వ నీతో ఏం మాట్లాడతాది?"

"మాట్లాడదు. తిడతాది."

"ఏమని?"

పిల్ల నా వైపు చూసింది. నేను కళ్ళెర్రజేశాను. అది చూసి కూడా భయపడలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుంది. నేనట్లా పెట్టుకుంటానని అప్పటిదాకా నాకు తెలియదు.

"ఏమే, ఆ ఫ్యాను ఎవురి కోసరం తిరగతా ఉండాది? గోడకు ఉక్కపోస్తా ఉండాదా? పొద్దెక్కినా పక్కమీదనే ఉండావే, నీకేమన్నా కాన్పయిందా? ఆ సెల్లు కింద పెడతావా, ఎత్తి రసంలో ఎయ్యమంటావా? మీ నాయన నిన్ను నెత్తిన పెట్టుకున్నాడు, మీయమ్మ నీ నెత్తిన ఎక్కింది, ఇంగ ఇల్లు బాగుపడినట్లే! సదువు రాకుంటే పోనీ, సిగ్గన్నా రావద్దా? ఏందే ఆ చూపు? కండ్లు పీకి కాకులకేస్తా..."

ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలుపెట్టింది. ముసలాయన చెయ్యెత్తి ఆపాడు. నవ్వి నవ్వి ఆయనకు దగ్గు వచ్చింది. లెక్చరరు మంచినీళ్ళ గ్లాసు అందించింది. "చాలు తల్లీ, చాలు. ఇది ఎవురూ నేర్పలేరు. ఇంట్లో పడాల్సిందే," అని కాగితాలను ఆ దొంతి మీంచి తీసి తన ముందు పెట్టుకుని సంతకం చేశాడు. తర్వాత నాకు రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. వెటకారమో మర్యాదో నాకు తెలియదు. నేను తిరిగి పెట్టలేదు.

బయటికొచ్చాక కోడలు కళ్ళు తుడుచుకుంటూ పిల్లను కావలించుకుంది. పైనింటామెకు ఫోను చేసి, "అంతా మీ పుణ్యమండీ" అని కూడా చెప్పింది.

ఫీజు కట్టే కిటికీ దగ్గర గుమాస్తా, మొదటి భాషగా ఏది చదువుతావని అడిగాడు. తెలుగా, తమిళమా?

"తమిళ్," అంది నా మనవరాలు, రెప్ప వేయకుండా.

అతను రాసేసుకున్నాడు. నేను కిటికీ చువ్వలు పట్టుకుని "ఆగు నాయనా" అనేలోపల రసీదు బయటికొచ్చింది.

బస్సెక్కేదాకా ఓపిక పట్టాను. ఎక్కాక పట్టలేదు. "నలుగురి ముందర నన్ను బజారుకీడ్చి సీటు తెచ్చుకున్నావు. తెచ్చుకున్నాక తెలుగును కిటికీ కాడనే పారేసి వస్తివి గదే!"

"నాకు అక్షరాలు రావు అవ్వా. పరీక్షలో తప్పుతా. అరవమయితే కండ్లు మూసుకోని రాస్తా." తెలుగులోనే అంది. అదేం గొప్పగా అనిపించలేదు నాకు, కోపంలో ఉన్నాను.

"నేర్చుకో. నేను నాలుగో క్లాసులోనే నేర్చుకున్నా."

"నాలుగో క్లాసు సదివి నువ్వేమయినావు?"

కోడలు దాని నోరు మూయబోయింది. అది తల్లి చెయ్యి తోసేసింది.

"మీ నాయనకు అమ్మనయినా," అన్నాను. "ఆడనే చెడింది."

"నేను ఆడిటరునయితా. ఒక్కో మార్కూ కావాల నాకు. చేతిలో ఉండేదాన్ని వదిలిపెట్టి లేనిదాని కోసరం పోయేదానికి నేనేమన్నా పిచ్చిదాన్నా? నువ్వు పోతావా? అయిపోయిన నెయ్యి గిన్నెలో కూడా అన్నం కలుపుకోని తింటావే, నువ్వు పోతావా?"

ముందు సీట్లో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. కండక్టరు కొంచెం మెల్లగా మాట్లాడమన్నాడు. నీ బస్సు నువ్వు చూసుకో అని నేను, నీ పని నువ్వు చూసుకో అని అది, ఇద్దరం ఒకేసారి అన్నాం. మా స్టాపు ఎప్పుడు దాటిపోయిందో ఎవరూ చూడలేదు.

దిగాక ఆటో అక్కర్లేదన్నాను. ఎండలో వెనక్కి నడిచాం. కోడలు కాలేజీ కవరు తలమీద కప్పుకుని, మాకూ తనకూ సంబంధం లేనట్టు చాలా ముందు నడిచింది. వెనక మేమిద్దరం, ఒకరి మాటకు ఒకరం అడ్డం పడుతూ. కూవం ఏటి వంతెన ఎక్కేసరికి అది నన్ను ఒక మాట అంది, తెలుగులోనే. ఆ మాట నేను దానికి ఎప్పుడూ నేర్పలేదు. పైనింటామెకు వచ్చి ఉండదు.