బస్సు అడగని మా సార్

ఖజానాలో పైసలు తగ్గినప్పుడు ముందుగా ఎవరికిచ్చేది ఆపాలి? నేను చదువుకునే రోజుల నుంచీ నన్ను వదలని ఈ ప్రశ్న వేసిన మా ఎకనామిక్స్ సార్ పోయిన వారం కన్నుమూశారు. ఆయన పక్కింటావిడ ఫోన్ చేసింది. "మీ సార్ పోయిండమ్మా. పొద్దుగాల చాయ్ ఇద్దామని పోతే పలకలే."

ఇల్లందు కాలేజీలో ఆయన మాకు చెప్పిన మొదటి పాఠమే ఆ ప్రశ్న. "లెక్చరర్ల జీతం ఆపాలె సార్!" అని వెనక బెంచీ అరిచింది. క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వారు. "అవ్, నాది ఆపిన్రనుకో. అయినా చాలలే. తర్వాత ఎవరిది?" చివరికి ఆయనే, "తక్కువమందికి నొప్పి అయ్యేది చూసి ఆపాలె" అన్నారు. పరీక్షలో అదే రాసి పాసయ్యాం. ఇప్పుడు ఆ కాలేజీలోనే నేనూ అదే పాఠం చెబుతున్నాను.

సార్ రిటైరై, భార్య కూడా పోయాక, టేకులపల్లి దాటి అడవి అంచున ఉన్న సొంతూళ్లో ఒక్కరే ఉండేవారు. పొద్దున బస్సుకు వచ్చి మా లైబ్రరీలో పేపర్లు చదివి, నాతో చాయ్ తాగి, సాయంత్రం బస్సుకు వెళ్లేవారు. బస్సు రాగానే కిటికీలోంచి గళ్ల కర్చీఫ్ వేసేవారు.

"బస్సంతా ఖాళీనే గద సార్, కర్చీఫెందుకు?" అని కండక్టరమ్మ ఎగతాళి చేసేది.

"ఎక్కెటోళ్లు ఉన్నరని బస్సుకు తెల్వాలె గద!"

ఈ ఏడు చమురు, కరెంటు ధరలు మండిపోయాయి. బజారులో కొనేవాళ్లు తగ్గి, పన్నులూ తగ్గాయి. సర్కారు బడ్జెట్‌కు గండి పడి, బస్సులకిచ్చే సొమ్ములో కోత పెట్టారు. జనం తక్కువున్న రూట్లు ఆగిపోయాయి. సార్ ఊరిదీ ఆగింది.

డిపో అధికారి ఆయన శిష్యుడే. "అతనికి ఒక్క మాట చెప్పండి సార్" అని ఫోన్‌లో బతిమాలాను.

"ఎక్కేది నలుగురం బిడ్డా. మాకు నడిపితే ఏ ఊరిది ఆపుతరు?"

"మరి మీరొక్కరే అక్కడ ఎట్లా?"

"కాలేజీల చాయ్ గట్లనే ఉందా?" అన్నారు.

దహనం రోజు ఆటో కిరాయికి మాట్లాడుకుని వెళ్లాను. బస్సు మలుపుకునే చోట గడ్డి మొలిచింది. పక్కింటావిడ ఆ నలుగురిలో ఒకతె. బజారులో అమ్మే కుంకుడుకాయల మూట, బస్సు లేక ఇప్పుడు నెత్తిన పెట్టుకుని మెయిన్ రోడ్డుదాకా నడుస్తోందట. "సార్ ఒక్క మాటంటే బస్సు వచ్చేదంట, నిజమేనా అమ్మా?" అనడిగింది. నేను సార్ ఇంటివైపు తిరిగాను. దండెం మీద గళ్ల కర్చీఫ్ ఆరుతోంది.

తన పాఠం తనమీదికొచ్చినా తప్పుకోని మనిషి ఆయన. కానీ బస్సు అడగకూడదనుకునే ముందు ఆ పక్కింటావిడను కూడా అడిగారా? త్వరలో కొత్త పిల్లలకు మొదటి క్లాసు. ఆ ప్రశ్న తప్పకుండా వేస్తాను. సార్ జవాబు కూడా చెప్పాలో వద్దో, ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.