పట్టీ మీద తేలిన గీత

మా యారాలి వేళ్లు మొదటిసారి తెల్లబడింది ఒక చలికాలం పొద్దున. తునికాకు తడిపి చుట్టిన గోనెసంచి విప్పి, కత్తెర పట్టుకోబోయి ఆగిపోయింది. రెండు వేళ్ల కొసలు సున్నం పూసినట్టు పాలిపోయాయి. కాసేపటికి నీలంగా, ఆ తర్వాత ఎర్రగా మారాయి.

మేమిద్దరం ఒకే ఇంటి కోడళ్లం. చొప్పదండి దగ్గర మా ఇల్లు. నేను పెద్దదాన్ని, నన్ను అక్కా అని పిలిచేది. చాటలు ఒళ్లో పెట్టుకుని ఎదురెదురుగా కూర్చుని బీడీలు చుట్టేవాళ్లం. కొస మడత చూస్తే చాలు, అది ఆమె చుట్టిన బీడీ అని చెప్పేదాన్ని. ఆ చలికాలం నుంచి కంపెనీలో ఆమె బీడీలు వదులుగా ఉన్నాయని ఏరి పక్కన పడేయసాగారు.

మా అత్త ఊరుకునే మనిషి కాదు.

"సలి గీమెకొక్కదానికే పెడుతదా? పని ఎగ్గొట్టే ఏశాలు!"

నేనన్నా వెనకేసుకురావాలి కదా. రాలేదు. పైగా నవ్వుతూ నేనూ ఒకటి అన్నాను. "బతుకమ్మ పేర్చేటప్పుడు తెల్లగ కాలే గదనే నీ ఏళ్లు!"

బతుకమ్మ నాటికి చలి ఎక్కడిది? ఆ మాట ఆమె అనలేదు, నాకూ తోచలేదు. తల వంచుకుని ఆకు కత్తిరించుకుంది. ఆమె అడిగింది మందు కాదు, మేం నమ్మడం. అదే మేం ఇవ్వలేదు.

కొన్నాళ్లకు కుంపటి దగ్గర చేతులు కాచుకుంటూ కూర్చుంది. తోలు కాలిన వాసన వచ్చింది. చూస్తే ఆమె వేలు నిప్పుకు ఆనుకుని ఉంది.

"చెల్లె, కాలుతలేదానే?"

"ఏం తెలుస్తలేదక్కా."

చెయ్యి గుంజి నీళ్లలో పెట్టాను. వేషం వేసే మనిషి వేలు కాల్చుకుంటుందా? మరునాడే కరీంనగర్ తీసుకుపోయాను.

డాక్టరమ్మ వేళ్లు తిప్పి చూసి, బిగుసుకున్న చర్మం నొక్కి, "మింగేటప్పుడు గొంతుల తట్టుకుంటదా?" అని అడిగింది. "ఏడాది సంది తట్టుకుంటది" అంది మా యారాలు. ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లం, నాకు తెలియదు.

రక్తం ఇచ్చి వచ్చాం. రెండు రోజుల తర్వాత రిపోర్టు కాగితం కోసం పోతే, ల్యాబులో గడ్డం నెరిసిన సాయిబు ఉన్నాడు. మా యారాలు కాగితం పట్టుకోలేదు.

"నాకు సదువు రాదు సాబ్. మీరు సూసిందేందో నాకూ సూపుండ్రి."

ఆయన నవ్వి లోపలి నుంచి వేలెడు పొడుగు సన్నటి పట్టీ తెచ్చాడు. దాని మీద ఒక గీత నల్లగా తేలి ఉంది.

"మన ఒంట్ల కణం ఒకటి రెండైతది అక్కా. అప్పుడు లోపలి పోగులు సమానంగ పంచుకోవాలె. ఒక్కో పోగుకు, పట్టుకొని గుంజేతందుకు ఒక పట్టు ఉంటది. గా పట్టుకాడుండే ప్రోటీన్ గీడ పూసిన్రు. నీ రక్తం దాన్ని పగోనోలె పట్టుకున్నది. అందుకే గీత."

"నా ఒంటికి నేనే పగైన్నా?" అని, పట్టీ మీదికి వంగింది. "మనిషి ఒంట్లదంటున్నరు. ఎవ్వల ఒంట్లకెళ్లి తీసిన్రు సాబ్? పాపం, వాళ్లున్నరా, పోయిన్రా?"

తన వేళ్లు బిగుసుకుపోతుంటే ఎవరి ప్రాణం గురించో అడుగుతోంది!

"అట్ల ఫికర్ చెయ్యకు. మనిషిదాని అచ్చు తీసుకొని పురుగు కణాలల్ల పెంచుతరు. ఎవ్వల్ని కొయ్యలే. పరిశోధనలు చేసేటోళ్లు, మాలాంటోళ్లు గదే వాడుతం. గీ ఒక్క గీతతోనే రోగమని చెప్పరు, డాక్టరమ్మ నీ చేతులు గూడ సూసే చెప్తది."

రోగం తేలితే ఏడుస్తుందని కొంగు చేత పట్టుకుని నిలబడ్డాను. ఆమె నవ్వింది.

"అయితే ఏశాలు గావన్నట్టే గదక్కా?"

సాయిబు చేతిలోని కాగితం నేనే అందుకున్నాను.

కాగితం చూసి, ఇది చర్మం గట్టిపడే రోగం, పూర్తిగా పోదు, అదుపులో ఉంటుంది అంది డాక్టరమ్మ. గోళీలు రాసింది. చన్నీళ్లు ముట్టొద్దు, తంబాకు అసలే ముట్టొద్దంది. అంటే బీడీలు బంద్.

ఇంటికొచ్చి మా యారాలు అత్తకు అంతా చెప్పింది. "పురుగులల్ల పెంచిందాన్ని గూడ నీ రక్తం గుర్తువట్టెనానే? మాకే నీ బాధ గుర్తువట్టరాకపాయె" అని అత్త, మా యారాలి తడిసిన గోనెసంచిని ఈడ్చుకుపోయి తన పీట దగ్గర పెట్టుకుంది.

నేను వంటింట్లోకి పోయి యారాలి పక్కన నిలబడ్డాను.

"అప్పుడట్లన్న చెల్లె, మనసుల పెట్టుకోకు."

"పెట్టుకున్న" అంది, బోళ్లు నా ముందుకు నెడుతూ. "ఇప్పుడప్పుడే తియ్య. నువ్వు ముందు గివి తోము, కండ్లార సూడనియ్యి."