తళతళలాడిన అరపెన్నీలు

ఆంబ్రోస్ టిమ్మిన్స్ ఇంగ్లండులోని డడ్లీ ఊళ్ళో మా పక్కింటాయన. గొలుసుల ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు. గొంతు పెంచి మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. ఆయనకున్న వ్యసనమల్లా పాత రాగి టోకెన్లు.

రెండు వందల ఏళ్ళ కిందట రాజుగారి టంకశాల చిల్లర నాణేలు చాలినన్ని వేయకపోతే, ఇనుప కార్ఖానాల వాళ్ళూ బట్టల కొట్ల వాళ్ళూ తమ పేర్లతో తామే అరపెన్నీలు, అంటే ఈ టోకెన్లు, అచ్చు వేయించుకున్నారు. కూలీలకు అవే కూలి. రొట్టెల కొట్లో అవే చెల్లేవి. ఒకదాని మీద కమ్మరి దాగలి, ఒకదాని మీద మగ్గం, ఇంకోదాని మీద పడవ. ఆంబ్రోస్ కుర్రతనం నుంచీ సంతల్లో, పాత సామాన్ల కొట్లలో వాటిని ఏరుకొచ్చి, మఖమల్ పరిచిన చెక్క అరల్లో పేర్చుకున్నాడు. బొమ్మల కంటే ఆయనకు రంగు మీద ప్రాణం. తరతరాలుగా గాలి తగిలి రాగి తెచ్చుకునే ఆ ముదురు గోధుమ రంగు, పాత చింతపండు రంగు, ఒకసారి పోతే మళ్ళీ రాదు. అందుకే అంచు తప్ప ఇంకెక్కడా వేలు పెట్టేవాడు కాదు, పెట్టనిచ్చేవాడూ కాదు.

చెల్లెలు మావిస్, భర్త టెడ్ పోయాక అన్న దగ్గరికి వచ్చేసింది. వచ్చిన దగ్గర్నుంచి కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ ఉండేది. వండింది తినేది కాదు. అలా నాలుగేళ్ళు గడిచాయి.

ఆ వసంతంలో ఆంబ్రోస్‌కు తుంటి ఆపరేషన్ అయింది. ఆస్పత్రి నుంచి నా కారులోనే ఇంటికి తీసుకొచ్చాను. మావిస్ గుమ్మంలో నిలబడి ఉంది. జుట్టు దువ్వుకుని, పెదాలకు రంగు వేసుకుంది. అన్నను కుర్చీలో కూర్చోబెట్టి, బల్ల మీది తెల్లగుడ్డ లాగేసింది.

టోకెన్లన్నీ కొత్తగా తోమిన రాగి చెంబుల్లా ధగధగమంటున్నాయి. ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు.

వెనిగర్‌లో ఉప్పు కలిపి నానబెట్టిందట. పళ్ళ బ్రష్‌తో ఒక్కోదాన్నీ రుద్దిందట. వదలని మురికికి ఇత్తడి పాలిష్ పట్టించిందట. చేతులు పగిలిపోయాయి చూడమని నవ్వుతూ అరచేతులు చాపింది. ఆంబ్రోస్ మొహంలో నెత్తురు లేదు. దాగలి బొమ్మదాన్ని అంచు పట్టి తీసి, వెలుగుకు తిప్పాడు. దాగలి అంచులు సబ్బు బిళ్ళలా అరిగిపోయాయి.

దాన్ని మళ్ళీ అరలో పెట్టి, "చాలా కష్టపడ్డావు మావిస్. కొంచెం టీ పెడతావా?" అన్నాడు.

ఆమె వంటింట్లోకి వెళ్ళగానే నా చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. "దానికి చెప్పకు లెన్. టెడ్ పోయాక అది నవ్వడం ఇదే."

సరేనన్నాను.

నేనూ ఆంబ్రోస్ సభ్యులుగా ఉన్న టోకెన్ల సంఘం వాళ్ళు ఏటా వేసవిలో పబ్బు మేడ మీద ప్రదర్శన పెడతారు. కాలు నొప్పిగా ఉంది, ఈసారికి రానని ఆంబ్రోస్ చెప్పేశాడు. నేనొక్కణ్ణే వెళ్ళాను. అందరం టీ తాగుతుండగా తలుపు తోసుకుని మావిస్ వచ్చింది. చేతిలో అన్న అరలు. ఆయన రాలేకపోయినా వీటి అందం నలుగురూ చూడాలని, ఆయనకు చెప్పకుండా తెచ్చానంది. బల్ల మీద పెట్టి మూత తీసింది.

మా అందరిలోకీ పెద్దావిడ బెరిల్ ఫెలోస్. ఆ అరల్లో సగం టోకెన్లను ఆవిడ ఎరుగును, కొన్నింటిని తనే ఆంబ్రోస్‌కు అమ్మింది. ఆవిడ కప్పు కింద పెట్టేసింది.

"ఎవరు చేశారమ్మా ఈ పని?"

"నేనేనండీ," అంది మావిస్, ఇంకా నవ్వుతూనే.

"చంపేశావు కదమ్మా వీటిని."

ఆవిడ కోపంగా అనలేదు. చావు ఇంట్లో అన్నట్టు మెల్లగా అంది. మావిస్ ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ వచ్చింది. ఎవరూ కళ్ళు కలపలేదు. చివరికి నా దగ్గర ఆగింది.

"మా అన్నయ్యకి తెలుసా?"

తల ఊపాను.

ఆమె అరలు అక్కడే వదిలేసి మెట్లు దిగిపోయింది. నేను వాటిని సర్దుకుని వెనకాలే వెళ్ళేసరికి, ఇంట్లో అన్న ఎదురుగా కోటు కూడా విప్పకుండా నిలబడి ఉంది.

"నాలుగు తిట్లు తిడితే నీ సొమ్మేం పోయేది? నేనేమన్నా పసిపిల్లనా? ఇన్నాళ్ళూ నా మొహం చూసి నవ్వుతూ..."

అప్పుడు ఆంబ్రోస్ అరిచాడు. కొలిమి ముందు జీవితమంతా దిగమింగుకున్న కేకలన్నీ ఒక్కసారే బయటికొచ్చినట్టు అరిచాడు. బుద్ధి ఉందా అన్నాడు. ఒకరి వస్తువు ముట్టుకునే ముందు అడగాలని తెలియదా అన్నాడు. ఒక్కోదాని పేరూ, అది దొరికిన ఊరూ చెప్పి మరీ తిట్టాడు. ఏడ్చాడు. నేను అరలు పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. మావిస్ కదలకుండా అంతా విని, ఆయన ఆయాసపడి ఆగాక అడిగింది:

"ఇంకా ఏమైనా ఉందా?"

"లేదు."

"అయితే భోజనానికి లే."

ఆ పూట ఇద్దరూ కడుపునిండా తిన్నారు. మధ్యలో ఆయన మళ్ళీ ఒకసారి తిట్టాడు. ఆమె బఠాణీలు వడ్డిస్తూ ఊఁ కొట్టింది.

పాడైపోయిన టోకెన్లను ఎవరు మాత్రం తీసుకుంటారు? నెలల తరబడి అవి అటక మీదే పడున్నాయి. చలికాలం వచ్చాక మావిసే ఒక మాటంది. ఎలాగూ ఎవరు ముట్టుకున్నా ఇంక పోయేదేం లేదు కాబట్టి, శనివారాలు చర్చి హాల్లో పిల్లలకు పెట్టే బన్నులకు వీటిని చెల్లనిద్దామంది. ఆంబ్రోస్ మొదట మొహం తిప్పుకున్నాడు. తర్వాత ఒక గుప్పెడు జేబులో వేసుకుని బయల్దేరాడు. పిల్లలు తలుపు దగ్గర ఆయన చేతిలోంచి ఒక అరపెన్నీ తీసుకుని, లోపల మావిస్‌కిచ్చి బన్ను పుచ్చుకునేవాళ్ళు. మొదటిసారి ఒకటి పోయిన రోజు ఆయన సాయంత్రమంతా బెంచీల కింద వెతికాడు. పోనుపోను వెతకడం మానేశాడు. జామూ చెమటా పట్టి వాటి మెరుపు విరిగింది కానీ, ఆ పాత రంగు మాత్రం రాలేదు.

ఆంబ్రోస్ పోయి చాలాకాలమైంది. ఆయన సమాధి కార్యక్రమం అయ్యాక బెరిల్ కర్ర పట్టుకుని చర్చి హాలుకు వచ్చింది. మావిస్ ఆవిడ చేతిలో ఒక టోకెన్ పెట్టింది. బెరిల్ దాన్ని కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది. తర్వాత పిల్లల్లాగే దాన్ని మావిస్‌కిచ్చి, ఎండుద్రాక్ష ఉన్న బన్ను కావాలంది.