బొడ్డు దగ్గర్నుంచి మొదలుపెట్టే డాక్టరమ్మ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బట్టలు కుట్టడం నా పని. ఇవాళ కొలతలిచ్చి రేపే కావాలనేవాళ్ళు వస్తే, కత్తెర పక్కన పెట్టి మరీ పోట్లాడతాను. అలాంటి నేను జన్మలో మరిచిపోలేని మనిషి ఒకావిడ ఉంది. ఆమెతో నా పరిచయం కూడా పోట్లాటతోనే మొదలైంది.

ఆమె పిల్లల డాక్టరు. సొంత క్లినిక్కులో ఏళ్ళ తరబడి జలుబులూ జ్వరాలూ చూసుకుంటూ హాయిగా ఉండేది. ఒకరోజు ఎవరో పెదాలు నీలంగా మారిన పసివాణ్ణి తీసుకొచ్చారు. జబ్బు గుండెలోనే అని తెలిసింది గానీ, ఏమిటో తేల్చలేక పెద్దాసుపత్రికి పంపింది. అది మనసులో ముల్లులా ఉండిపోయిందట. క్లినిక్కు మూసేసి, పసిపిల్లల గుండె వైద్యం నేర్చుకోవడానికి అదే ఆసుపత్రిలో విద్యార్థిగా చేరింది. తోటివాళ్ళంతా వయసులో చిన్నవాళ్ళు, "అక్కా" అని పిలిచేవాళ్ళు. ఇంట్లో కొడుకు చదువూ ఆమె చదువూ పక్కపక్కనే సాగేవి. "మా ఇంట్లో పరీక్షలు రాసేవాళ్ళు ఇద్దరు, వంట చేసేవాణ్ణి నేనొక్కణ్ణే" అని వాళ్ళాయన కనిపించిన ప్రతివాళ్ళతోనూ మొరపెట్టుకునేవాడట.

మా పాప పుట్టి నెల కూడా నిండలేదు. పాలు తాగుతుంటే నుదురంతా చెమట, రెండు గుక్కలకే ఆయాసం. "పసిపిల్లలు అంతేలే" అంది మా అత్తగారు. మా వీధి డాక్టరు మాత్రం ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, పెద్దాసుపత్రికి వెళ్ళమన్నాడు. ఆ పూటే పాపని తీసుకుని బయల్దేరాం.

అక్కడ స్కానింగు గదిలో ఈ డాక్టరమ్మ చంకలో ఒక సీసా ఇరికించుకుని నిలబడి ఉంది. నేను వింతగా చూశాను.

"జెల్లీ అమ్మా. చల్లగా తగిలితే పాప ఏడుస్తుంది, ఏడిస్తే బొమ్మ సరిగా రాదు. అందుకే కోడిపెట్టలా పొదుగుతున్నా" అంది నవ్వుతూ.

అంత పొదిగినా మా పాప మొహం ఎర్రగా చేసుకుని ఏడుపుకి సిద్ధమైంది. ఆవిడ గబగబా గుండె మీదే పరికరం ఆనించింది. కాసేపటికి ఆమె మొహం విప్పారింది.

"దొరికిందమ్మా. గుండె గదుల మధ్య గోడకి చిన్న రంధ్రం. చాలామందికి దానంతటదే పూడుకుపోతుంది. మా సారు ఆపరేషన్లో ఉన్నారు. ఆయన చూశాక రిపోర్టు ఇస్తాం, వచ్చే వారం రండి."

మాకు ప్రాణం లేచొచ్చింది. పాపని దుప్పట్లో చుట్టుకుని గేటు దాకా వచ్చామో లేదో, వెనకనుంచి "అమ్మా, ఆగండాగండి" అని కేక. డాక్టరమ్మ చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొస్తోంది.

"పొరపాటు చేశానమ్మా. బొడ్డు దగ్గర మొదలుపెట్టి వరసగా పైకి రావాలని మా సారు నియమం. పాప ఏడుస్తుందేమోనని నేరుగా గుండె దగ్గరికి వెళ్ళిపోయాను. రంధ్రం దొరికేసరికి అక్కడితో ఆపేశాను. మళ్ళీ మొదట్నుంచి చూడాలి."

నేను ఒంటికాలి మీద లేచాను. "మీరు నేర్చుకోవడానికి మా పిల్లే దొరికిందా? ఇప్పుడే కదా నిద్రపోయింది! పెద్ద డాక్టర్ని పిలవండి!"

"నేర్చుకునేదాన్నే అమ్మా. అందుకే వరస తప్పకూడదు. తిట్టండి, పడతాను. పాపని మాత్రం అప్పుడే ఇంటికి తీసుకెళ్ళకండి."

మా ఆయన నా చేతుల్లోంచి పాపని తీసుకుని ఆమె వెంట నడిచాడు. నేను గొణుక్కుంటూ వెళ్ళాను.

ఈసారి బొడ్డు దగ్గర మొదలుపెట్టింది. ఆనించీ ఆనించగానే ఆమె నవ్వు మాయమైంది. పాప తొడ మొదట్లో వేళ్ళు పెట్టి నాడి కోసం వెతికింది. అందీ అందనట్టుంది. గుండె నుంచి ఒంటి కిందిభాగానికి రక్తం తీసుకెళ్ళే పెద్ద గొట్టం, నాడా మరీ బిగించినట్టు, ఒకచోట నొక్కుకుపోయింది. పుట్టుకతో ఉండే చిన్న అడ్డదారి ఒకటి ఇన్నాళ్ళూ కాపాడుతూ వచ్చిందట. ఇప్పుడు అదీ మూసుకుపోతోంది. వచ్చే వారం దాకా ఇంట్లో ఉండి ఉంటే... ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రాదు.

సారు ఆపరేషన్ బట్టల్లోనే వచ్చి చూశారు. "బొడ్డు దగ్గర మొదలుపెట్టమని ఎన్నిసార్లు చెప్పాను?" అని అందరిముందూ గద్దించారు.

"మళ్ళీ మొదలుపెట్టాను సార్" అంది ఆవిడ తల వంచుకుని.

"అదే బతికించింది" అన్నారాయన, గొంతు తగ్గించి.

అడ్డదారి మూసుకుపోకుండా వెంటనే మందు ఎక్కించారు. మర్నాడు ఆపరేషన్. అది బాగా జరిగింది. తర్వాత డాక్టరమ్మ నన్ను లోపలికి తీసుకెళ్ళి, నా వేలు పట్టుకుని పాప పాదం మీద ఆనించింది. "చూడండి, ఇక్కడిదాకా వస్తోంది." టుకుటుకుమంటూ నాడి తగిలింది. నేను బోరున ఏడ్చేశాను. ఆమె కడుపు చల్లగా ఉండాలి.

పాప ఇప్పుడు బడికెళుతోంది. ఏడాదికోసారి చూపించుకోవడానికి వెళతాం. చదువు పూర్తిచేసిన డాక్టరమ్మ అక్కడే ఉండి కొత్తవాళ్ళకి నేర్పుతోంది. మొన్న వెళ్ళినప్పుడు ఒక కొత్త డాక్టరమ్మాయి చంకలో సీసా పెట్టుకుని, బెదురు చూపులు చూస్తూ నిలబడి ఉంది.

"ఈ అమ్మాయి ఈమధ్యే చేరింది. మీకు ఇష్టమైతేనే..." అంది మా డాక్టరమ్మ, నా కోపం సంగతి తెలిసిన మనిషి కదా.

మా పాప గౌను పైకి లాక్కుని తనే పడుకుంది. ఆ అమ్మాయి బొడ్డు దగ్గర మొదలుపెట్టింది. సగంలో వరస తప్పినట్టుంది, భయంగా నా వైపు చూసింది. "సారీ ఆంటీ, తొందరగా ముగించేస్తాను."

"నాకేం తొందర లేదు తల్లీ" అన్నాను. "మళ్ళీ మొదట్నుంచి చూడు."