ఆయన చేతి బోణీ

మావారి చెయ్యి బోణీకి మంచిదని జగ్గయ్యపేట బజారులో పేరు. పొద్దున్నే మా కిరాణా కొట్టు తలుపు తీశాక మొదటి బేరం ఆయన చేతి మీదుగా జరిగితే ఆ రోజంతా తమకూ కలిసొస్తుందని కొనేవాళ్ళే నమ్మేవాళ్ళు. బస్టాండు దగ్గర టిఫిను బండి పెట్టుకున్న ఆవిడైతే మరీను. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి, బోణీ దగ్గరికి వచ్చేసరికి మా వ్యాపారస్తుల ఇళ్ళల్లో వాళ్ళకంటే పట్టింపు ఎక్కువ. మినప్పప్పు ఆయన తూచి ఇస్తేనే తీసుకెళ్ళేది.

చిల్లకల్లు దగ్గర హైవే మీద ఆయన స్కూటరును వెనకనుంచి కారు గుద్దింది. ప్రాణం దక్కింది గానీ నడుము పోయింది. ఆపరేషన్ తర్వాత కూడా కాసేపు కూర్చుంటే కాళ్ళు తిమ్మిరెక్కి, వెన్ను పట్టేసి, పడుకోవాల్సిందే. బస్తా ఎత్తడం, నిలబడి తూకాలు వెయ్యడం ఇక కలలో మాట. అదృష్టం కొద్దీ ఆయన ఎప్పుడో ప్రమాద బీమా ఒకటి కట్టారు. తన వృత్తి పని తాను చేసుకోలేని స్థితి ఉన్నన్నాళ్ళూ, పదేళ్ళకు మించకుండా, నెలనెలా ఇంత అని ఇస్తారు. ఆ డబ్బుతోనే ఆయన బదులు ఒక గుమాస్తాను పెట్టుకున్నాం. మందులకూ నడుముకు చేయించే వ్యాయామాలకూ కూడా అదే ఆధారం.

అన్నీ వదులుకున్నారు గానీ బోణీ మాత్రం వదల్లేదు మావారు. ఇల్లు కొట్టు వెనకే. పొద్దున్నే నేనొక పక్కా గుమాస్తా ఒక పక్కా పట్టుకుని తీసుకొచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టేవాళ్ళం. టిఫినావిడ రాగానే పప్పు పొట్లం ఆమె చేతిలో పెట్టి, డబ్బు తీసుకుని, మళ్ళీ ఇంట్లోకి వచ్చి మంచమెక్కేవారు. పావుగంట పని. ఆ పావుగంట కోసమే ఆ మనిషి బతుకుతున్నాడని నాకు తెలుసు.

ఒక నెల బీమా డబ్బు పడలేదు. రెండో నెలా పడలేదు. తర్వాత కంపెనీ నుంచి కాగితం వచ్చింది, మీరు వ్యాపారం చేసుకుంటున్నట్టు మా విచారణలో తేలింది కాబట్టి ఇక చెల్లించం అని. దానితో పాటు ఒక ఫోటో. మావారు గల్లాపెట్టె దగ్గర కూర్చుని, నవ్వుతూ, ఎవరికో పంచదార పొట్లం అందిస్తున్నారు.

ఆ పంచదార కొన్న మనిషి నాకు గుర్తొచ్చాడు. ఒక రోజు టిఫినావిడ కంటే ముందే వచ్చాడు, ఇన్‌షర్టు వేసుకుని. "కొట్టు మీరే చూసుకుంటారాండి?" అని అడిగాడు. "మనమేనండి, ఇంకెవరు చూస్తారు? అంతా బాగానే ఉందండి," అన్నారు మావారు.

"నడుము పడిపోయిందని ఒక్క ముక్క చెప్పి చావకూడదా మీరు?" అని అరిచాను, కాగితం చదవగానే.

"బోణీ బేరానికి వచ్చినవాడితో నా చేత కాదు అంటానా? ఏం మాటే అది!" అన్నారాయన, తప్పు నాదే అయినట్టు. నిజమే, మా ఇళ్ళల్లో ఎవరూ అనరు. ఇంట్లో జ్వరంతో మూలుగుతున్నా సరే, బోణీ వేళ లేదు, కాదు, బాగాలేదు అన్న మాటలు నోట్లోంచి రాకూడదు. ఆ బీమావాడికి ఇవన్నీ ఎవడు చెప్పాలి!

నందిగామలో ఒక లాయరమ్మ ఉంది, నా కూతురి వయసుంటుంది. అన్నీ విని, విజయవాడలో వినియోగదారుల కమిషన్‌లో కేసు వేద్దాం అంది.

"పదేళ్ళదీ ఒక్కసారే వసూలు చెయ్యమ్మా. ఒకసారి ఎగ్గొట్టినవాణ్ణి మళ్ళీ నెలనెలా నమ్ముతామా?" అన్నాను నేను. కొట్లో అరువు ఎగ్గొట్టినవాడితో మేం చేసేది అదే.

"అలా కుదరదాంటీ. ఆగిపోయిన నెలలవి బాకీ కింద అడగొచ్చు. రాబోయే నెలలవి ఇంకా బాకీ పడలేదు కదా. అంకుల్ ఆరోగ్యం ఇలాగే ఉన్నన్నాళ్ళూ ఏ నెలకా నెల కట్టి తీరాలని ఆర్డరు అడుగుతా." కాగితాలు సర్దుకుంటూ, "కేసు తేలేదాకా అంకుల్ కొట్లో కూర్చోకూడదు. మళ్ళీ ఎవడైనా ఫోటో తీస్తే నేనేం చెయ్యలేను," అంది.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. మర్నాటి నుంచి బోణీ నేను చేశాను. టిఫినావిడ మొదట్లో మొహం ముడుచుకుంది. "షావుకారు గారు కాసేపు రాకూడదాండి?" అని రోజూ అడిగేది. కొన్నాళ్ళకి అడగడం మానేసింది.

కేసు నడుస్తుండగా కంపెనీవాళ్ళు రాజీకొచ్చారు. ఒక మొత్తం ఒకేసారి ఇస్తాం, ఇక ముందు నెలలవి అడగబోమని సంతకం పెట్టండి అన్నారు. లెక్క వేస్తే రావాల్సినదాంట్లో సగం కూడా లేదు.

"తీసేసుకుందాం," అన్నారు మావారు. "పీడా పోతుంది. రేపట్నుంచి నా కొట్లో నేను కూర్చుంటా."

"కూర్చుని ఏం చేస్తారు? ఆ డబ్బు అయిపోయాక మందులు ఎవడిస్తాడు, గుమాస్తా జీతం ఎవడిస్తాడు? పావుగంట ముచ్చట కోసం ఏళ్ళ తిండి వదులుకుంటామా?" అన్నాను. నా నోరు అలాంటిది. రాజీ వద్దని నేనే లాయరమ్మకు ఫోన్ చేశాను. ఇప్పటికీ చేసింది సరైన పనే అంటాను.

బోణీ అంటే ఏమిటో, ఆ వేళ ఏ మాటలు అనకూడదో నేను చెబుతుంటే లాయరమ్మ అఫిడవిట్‌లో రాసింది. డాక్టరు సర్టిఫికెట్లు పెట్టింది. చివరికి కమిషన్ తీర్పు మాకే అనుకూలంగా వచ్చింది. పొద్దున్నే ఒక పొట్లం అందించడం వ్యాపారం చేసుకోవడం కిందికి రాదన్నారు. ఆగిన నెలలవి వడ్డీతో కట్టాలి, ఇక ముందు ఆయన పరిస్థితి ఇలాగే ఉందని ఏటా సర్టిఫికెట్ ఇస్తే నెలనెలా కడుతూ పోవాలి అన్నారు. లాయరమ్మ ఫోన్లో, "ఇక అంకుల్‌ని నిక్షేపంగా కూర్చోబెట్టండాంటీ," అంది. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది.

మర్నాడు ఆయనే నన్ను లేపారు. తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బొట్టు పెట్టుకుని, మా ఇద్దరి భుజాల మీద బరువేసి కొట్లోకి వచ్చారు. టిఫినావిడ వచ్చింది. ఆయన పప్పు పొట్లం చేతిలోకి తీసుకున్నారు.

ఆవిడ చెయ్యి చాపలేదు. నావైపు చూసింది. "ఏమనుకోకండి షావుకారు గారూ. ఇన్నాళ్ళూ అమ్మగారి చేత్తో తీసుకుంటే బండి బాగా నడిచిందండి. అమ్మగారే ఇస్తే..." అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఊళ్ళో ఇంకో కొట్టు చూసుకో అనబోయాను. అనేలోపే ఆయన పొట్లం నా చేతిలో పెట్టి, "ఇవ్వు, బోణీ బేరం ఆపకూడదు," అన్నారు.

ఇచ్చాను. ఆమె ఇచ్చిన నోటు, అలవాటు చొప్పున, కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేశాను.

ఆయన అది చూసి నవ్వారు. "కంపెనీవాడు నెలనెలా వేసేది కూడా అలాగే కళ్ళకద్దుకోవే. ఇహ నా సంపాదన అదొక్కటేగా," అన్నారు.

కొట్లోనే, టిఫినావిడ ముందే, భోరుమని ఏడ్చేశాను.